గొల్లభామయా, ఆనందవల్లియా? — కళాగ్రంథాలయ సూచికలలో నామవిచారము

కోటప్పకొండ మెట్లదారిని ఎక్కువారు త్రికూటేశ్వరుని సన్నిధికి చేరుటకు ముందు ఒక స్త్రీమూర్తి ఆలయమున ఆగి నమస్కరించి సాగుదురు. స్థలపురాణమున ఆమె పేరు ఆనందవల్లి. యాదవకులమున జన్మించిన శివభక్తురాలు. రుద్రశిఖరముపై నున్న పాత కోటేశ్వరుని నిత్యము సేవించినది. ఆమె శ్రమ చూడలేక స్వామి ఆమె వెంట దిగివచ్చుటకు అంగీకరించి, వెనుదిరిగి చూడరాదని నియమము పెట్టెననియు, ఆమె తిరిగి చూచినంతనే బ్రహ్మశిఖరముపై నిలిచిపోయెననియు కథ. లోకవ్యవహారమున మాత్రము ఆమె గొల్లభామ. గుడికిని అదియే పేరు. యాత్రకు వచ్చువారిలో పలువురకు ఆనందవల్లి యన్న పేరు పురాణము చెప్పునపుడే వినబడును. గొల్లభామ గుడి యన్నచో బాలురు గూడ చేయెత్తి చూపుదురు.

ఈ ఆలయము ఛాయాచిత్రమొకటి ఒక కళాగ్రంథాలయమునకు చేరినదనుకొందము. దానిని సూచికలో ఏ పేరున నమోదు చేయవలెను? ఆనందవల్లి యని వ్రాసినచో ప్రజలు వెదకు పేరు మరుగగును. గొల్లభామ యని మాత్రమే వ్రాసినచో ఒక వ్యక్తికి కులనామమే నామమై, ఆమె స్వంత నామము మరుగగును. ‘పాలు తెచ్చు స్త్రీ’ యని అర్థము వ్రాసి ఊరకున్నచో రెండును పోవును. సిద్దిపేట నేతచీరలపై తలమీద కుండతో కనబడు బొమ్మను గొల్లభామ యనియే నేతపనివారు పిలుతురు. ఆ చీరలకు భౌగోళిక గుర్తింపు లభించినదియు ఆ పేరుననే. వాని నమూనాను ‘పాలమ్మి బొమ్మ’ యని ఆంగ్లమున తర్జుమా చేసి పెట్టెలో నుంచినచో, ఆ చీరను నేసినవారి బిడ్డ తన తల్లి పనిని వెదకుచు ఆ గ్రంథాలయమునకు వచ్చినను దానిని కనుగొనజాలదు.

ఈ చర్చ పుస్తకముల గ్రంథాలయములకంటె కళా, రూపకల్పన గ్రంథాలయములకు ఎక్కువగా అవసరమగుటకు కారణము కలదు. గ్రంథమునకు ముఖపత్రము ఉండును. కర్తృనామము, గ్రంథనామము అందు అచ్చుపడి యుండును; సూచిక వ్రాయువారు దానిని ఎత్తివ్రాసిన చాలును. బట్టకు, తోలుబొమ్మకు, బుట్టకు, రాతిచెక్కడమునకు ముఖపత్రము లేదు. సూచిక వ్రాయువారు ఏమని వ్రాసిన అదియే దాని పేరు. అహమ్మదాబాదున 1961లో జాతీయ డిజైన్ విద్యాసంస్థ ఏర్పడినది. ఆంధ్రప్రదేశమున అట్టి సంస్థ 2015లో పని ప్రారంభించినది. హైదరాబాదున వస్త్రరూపకల్పన బోధించు జాతీయ సంస్థ 1995 నుండి యున్నది. ఇట్టి సంస్థల గ్రంథాలయములకు వస్త్రఖండములు, రేఖాచిత్రములు, ఛాయాచిత్రములు పుస్తకములతో సమానముగ ఉపకరణములు. ఆ వస్తువులలో అధికభాగము పేరు వ్రాసికొను అలవాటు లేని ఇండ్లనుండి వచ్చినవి.

కోటప్పకొండ ప్రభనే దృష్టాంతముగా గ్రహింపవచ్చును. మహాశివరాత్రికి కావూరు, పురుషోత్తమపట్టణము, యడవల్లి మున్నగు గ్రామములనుండి ప్రభలు కొండ దిగువకు తరలివచ్చును. కొన్ని నూరడుగుల ఎత్తునకు సమీపించును. దూలములు, వెదుళ్లు కూర్చి, మోకులతో బిగించి, రంగుబట్టలతోను దేవతాచిత్రములతోను అలంకరించి, విద్యుద్దీపములు అమర్చి, చక్రములపై నిలిపి, పూర్వము ఎడ్లతో, నేడు తరచుగా ట్రాక్టరులతో లాగించుదురు. దారిలోని విద్యుత్తీగలను ప్రభ సాగుటకై తప్పింపవలసి వచ్చును. ఏ మోకును ఎప్పుడు బిగింపవలెనో, ఎప్పుడు సడలింపవలెనో తెలిసినవారు ప్రతి గ్రామమునను కొందరుందురు. ఈ పనిని ఆ గ్రామములవారు ‘ప్రభ కట్టుట’ యందురు. చేయుట యనరు, నిర్మించుట యనరు. సంస్కృతమున ప్రభ యనగా కాంతి. విగ్రహమునకు వెనుక నిలుపు అలంకారము ప్రభావళి. ఆ రెండర్థములును ఈ వస్తువునందు కలిసినట్లున్నవి.

దీనికి మెల్విల్ డ్యూయీ వర్గీకరణమున స్థానము వెదకినచో చిక్కులు మొదలగును. ఆచారములు, పండుగలు 394లో నున్నవి, అలంకారకళలు 745లో నున్నవి, హైందవమతము 294.5లో నున్నది. ప్రభను పండుగలలో వేసినచో రూపకల్పన చదువు విద్యార్థికి కనబడదు. అలంకారకళలలో వేసినచో శివరాత్రిని గూర్చి పరిశోధించువారికి కనబడదు. 1876లో వెలువడిన ఈ పద్ధతియందు మతముల విభాగమున క్రైస్తవమునకే అధికస్థానమిచ్చి, తక్కిన మతములను 290లో ఒకచోట కూర్చిరి. ఎవరి ముంగిలి వారికి విశాలము. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధిపతియగు రంగనాథన్ 1933లో ప్రకటించిన ద్విబిందు వర్గీకరణమున మతవిభాగమును వైదికమతముతో ప్రారంభించి, జైన బౌద్ధ క్రైస్తవాదులకు వేర్వేరు స్థానములు కల్పించిరి. ఇది సవరణమే. కాని ఆయన పద్ధతియందు గూడ ప్రయోజనకళలు ఒక అక్షరమునను, లలితకళలు వేరొక అక్షరమునను ఉన్నవి. నేత మొదటిదానియందు, చిత్రలేఖనము రెండవదానియందు. కలంకారీ బట్ట ఏ వైపునకు చెందును? అది నేసిన బట్ట, వ్రాసిన చిత్రము గూడ. ప్రయోజనమునకును సౌందర్యమునకును నడుమ గీత గీయుట శాస్త్రమున సులభము; పలనాటి వెదురుబుట్టయందు ఆ గీత ఎచ్చట పడునో ఎవరును చూపజాలరు.

ఈ లోపమును పాశ్చాత్యులపై మాత్రమే మోపుట న్యాయము కాదు. మన పాఠశాలలలో బాలురకు మొదట వల్లెవేయించు అమరకోశము ఒక వర్గీకరణ గ్రంథమే. దాని అసలు పేరు నామలింగానుశాసనము. పేర్లను, వాని లింగములను శాసించునది. శతాబ్దులుగా కంఠస్థమైన ఈ సూచికయందు మృదంగము, వీణ మొదలగు వాద్యముల పేర్లు ప్రథమకాండమున నాట్యవర్గమునందు, స్వర్గాదుల సమీపమున నున్నవి. ఆ మృదంగమును వాయించు మార్దంగికుడు, వీణ వాయించు వైణికుడు ద్వితీయకాండమున శూద్రవర్గమునందు కనబడుదురు. చిత్రకరుడు, కుంభకారుడు, తంతువాయుడు, స్వర్ణకారుడు, చర్మకారుడు అచ్చటనే కలరు. ఆ వర్గముననే కుక్క పర్యాయములును కలవు. వాద్యము స్వర్గకాండమున, వాదకుడు నాలుగవవర్ణమున! గురుబాలప్రబోధిక వంటి తెలుగు టీకలు ఈ పదములకు దేశీయమైన పేర్లు చెప్పినవి. వర్గక్రమమును మాత్రము యథాతథముగ నిలిపినవి. కోశకర్త ఎవరినో నిందింపదలచెనని చెప్పుటకు ఆధారము లేదు. తన కాలపు సంఘమును చూచినట్లు పేర్చెను. అయినను వేయేండ్లకు పైగా బాలురు శ్లోకములతోపాటు ఆ పేర్పును గూడ కంఠస్థము చేసిరి. సూచిక ఎవరిని ఎచ్చట కూర్చుండబెట్టునో, చదువరి వారిని అచ్చటనే వెదకుట నేర్చుకొనును.

దీనికి విరుద్ధమైన సాక్ష్యము కృష్ణాతీరమున రాతిపై నున్నది. అమరావతి స్తూపమునకు పూర్ణఘటశిల్పమును దానమిచ్చిన విధికుడు తన్ను చర్మకారునిగా శాసనమున చెప్పుకొనెను. తండ్రి నాగోపాధ్యాయుని పేరును, తల్లి, భార్య, సోదరులు మొదలగువారి సహభాగమును అందు చెక్కించెను. నాగార్జునకొండ శాసనములలో ఇక్ష్వాకురాజకుటుంబమునకు చెందిన చాంతిసిరియు, ఉపాసిక బోధిసిరియు దాత్రులుగ తమ పేర్లతోనే నిలిచియున్నారు. ఆ శాసనములు వ్రాయించినవారు తమ వృత్తిని, బంధుత్వమును, ఊరిని తామే చెప్పుకొనిరి. ఇక ఆధునికుల సూచికలలో నేమైనది? 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన అమరావతి శిల్పములు 1859లో లండనునకు చేరెను. వానికి చాలకాలము ‘ఎలియట్ మార్బుల్సు’ అను పేరు నిలిచినది. ఎలియట్ వానిని చెక్కలేదు, దానమీయలేదు. అవి చలువరాయియు కావు, సున్నపురాయి. ఒక పేరునందు రెండు పొరపాట్లు. దాతలలో ఒకనికైనను చోటు లేదు. అట్లే కావలి వెంకటబొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూర తిరిగియు తిరుగించియు కూర్చిన కైఫీయతులు, శాసనప్రతులు, వ్రాతప్రతులు 1828లో విల్సన్ ప్రకటించిన వివరణసూచికతో మెకంజీ సంపుటి యన్న పేర స్థిరపడినవి. మెకంజీ ప్రోద్బలము, ధనవ్యయము లేనిదే ఆ పని జరుగకపోయెడిది. అందువలన ఆయన పేరు తీసివేయవలెనని ఎవరును కోరరు. కావలి సోదరుల పేరున వెదకినవారికి గూడ ఆ సంపుటి దొరకవలెనన్నంతమాత్రమే కోరదగినది.

ఇంతవరకు చెప్పినవి మరుగుపరచు పేర్లు. గాయపరచు పేర్లు వేరు. 1871లో వచ్చిన నేరస్థజాతుల చట్టము 1911 తరువాత మదరాసు రాజధానికిని వ్యాపించినది. దాని క్రింద ఎరుకలవారు మొదలగు పలు సమూహములు పుట్టుకతోనే నేరస్థులుగా నమోదైనవి. నేటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురము అట్లు వెలసిన నిర్బంధ నివాసమే. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దైనది. కాని గ్రంథాలయ సూచికలకు రద్దు చట్టములు చేరవు. బుట్టలు, చాపలు అల్లుటలో నేర్పరులైన ఎరుకల కుటుంబములపై చట్టకాలమున అచ్చైన పుస్తకములు అనేక గ్రంథాలయములలో చాలకాలము నేరస్థజాతులు అను శీర్షికక్రిందనే ఉండిపోయినవి. వారి అల్లికను చూడగోరిన విద్యార్థి ఆ శీర్షిక గుండ తప్ప వారి వద్దకు పోజాలని పరిస్థితి యది. మాచర్ల, దుర్గి, వెల్దుర్తి ప్రాంతముల తండాలలోని వారి సంగతి మరియొక విధము. ప్రభుత్వపు జాబితా వారిని సుగాలీలు, లంబాడీలు, బంజారాలు అని ఒకేచోట మూడు పేర్లతో వ్రాయును. వారు తమలో తాము గోర్ అని చెప్పుకొందురు. అద్దములు, గవ్వలు పొదిగిన వారి కుట్టుపని ఏ పేరున ఉండవలెను? మూడు పేర్లును సూచికలో ఉండవలెను, నాలుగవది ముందుండవలెను అని తోచుచున్నది.

ఈ విచారము అమెరికా దేశమున 1971లో శాన్‌ఫర్డ్ బెర్మన్ గ్రంథముతో బలపడినది. అచ్చటి కాంగ్రెసు గ్రంథాలయము ప్రపంచమంతట వాడబడు విషయశీర్షికలను నిర్ణయించును. ఆ శీర్షికలలోని పక్షపాతమును ఆయన ఒక్కొక్కటిగా ఎత్తిచూపెను. ఆ గ్రంథాలయము కొన్నింటిని శీఘ్రముగ, కొన్నింటిని కడు జాగుగ మార్చినది. అనుమతి లేక వచ్చిన విదేశీయులను గూర్చిన శీర్షిక 2021లో గాని మారలేదు. అంటరానివారు అను అర్థముగల ఆంగ్లశీర్షిక స్థానమున నేడు దళితులు అను శీర్షిక యున్నది. మన దేశమున కులధ్రువపత్రములలో హరిజనశబ్దమును వాడవలదని కేంద్రప్రభుత్వము 1982లో సూచించినది. ఆ శబ్దమును పెట్టినవారి సద్భావమును ఎవరును శంకింపరు. పిలువబడువారు దానిని అంగీకరింపలేదు, అంతటితో ఆ చర్చ ముగిసినది. వినుకొండయందు జన్మించిన జాషువ గబ్బిలమును పండితులు మేఘదూతము ప్రక్కన సందేశకావ్యములలో చేర్తురు. అది యుక్తమే. ఆ కావ్యమున సందేశము పంపినవాడెవడో తెలియజేయు శీర్షిక గూడ దానికి ఉండవలెను గదా!

ఇచ్చట ఒక సందేహమునకు సమాధానము చెప్పవలసి యున్నది. గాయపరచు పేర్లను తుడిచివేసినచో సరిపోదా? పోదు. పాతగ్రంథపు పేరును మార్చు అధికారము సూచిక వ్రాయువారికి లేదు. థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణభారత కులముల గ్రంథమునందలి మాట యేదియో దానిని అట్లే ఉంచవలెను. లేనిచో ఆ కాలము ఎట్టిదో తెలిసికొను మార్గము మూతపడును. అయితే గ్రంథకర్త మాట వేరు, గ్రంథాలయము మాట వేరు. మొదటిది ఉద్ధరణము. రెండవది గ్రంథాలయము స్వయముగ పలుకు పలుకు. వ్యాఖ్యాతలు పూర్వపక్షమును యథాతథముగ చెప్పి, అది తమ మతము కాదని తెలియునట్లు వ్రాయుట మనకు క్రొత్తది కాదు. పాతశీర్షికను వెదకినవారికి ‘ఫలానా పేరు చూడుడు’ అను సూచన ఉంచి, ప్రధానశీర్షికను ఆయా జనులు తమకు చెప్పుకొను పేరుతో నిలుపుట ఆ పద్ధతియే.

గొల్లభామ విషయమున ఈ విచక్షణము మిక్కిలి అవసరము. కులనామము కనబడిన చోటనెల్ల దానిని తీసివేయుటయే మర్యాద యనుకొనువారు కొందరు కలరు. ఆ పేరును యాదవులు అవమానముగా తలపరు. దేవుడు తమ యింటి ఆడుబిడ్డ వెంట నడచివచ్చెనను గౌరవము అందున్నది. కొండ పేరే చూడుడు. త్రికూటేశ్వరుడని శాస్త్రీయముగ చెప్పినను ఊళ్లలో ఆయన కోటయ్య. ఇంటింట కోటయ్యలు, కోటమ్మలు, కోటేశ్వరరావులు. సంస్కృతనామము ఉన్నచోట దేశినామమును ఉపనామముగ క్రిందికి దించు అలవాటు పండితులది, అది ఈ పత్రికను చదువు పెద్దలకు తెలియనిది కాదు. వ్యక్తిగా ఆమెను ఆనందవల్లి పేరను, ఆలయమును గొల్లభామ గుడి పేరను నమోదు చేసి, ఒకదాని నుండి రెండవదానికి దారి చూపినచో ఇరుపక్షములకు న్యాయము జరుగును. ప్రభకు గూడ అంతే: కోనసీమయందు కనుమనాడు జగ్గన్నతోటకు మోసికొనివచ్చు ఏకాదశరుద్రుల ప్రభలు వేరు, శివరాత్రి కోటప్పకొండ ప్రభలు వేరు. ప్రభ అన్న దేశిపదమును శీర్షికగ నుంచి ఊరును చేర్చినచో చాలును. ఊరేగింపు రథము అని సామాన్యార్థమును వ్రాసినచో రెండును ఒక పెట్టెలో పడి, రెండింటి స్వరూపమును పోవును.

కర్తృనామము సంగతి మరింత సున్నితమైనది. తాళపత్రసూచికలలో అజ్ఞాతకర్తృకము అని వ్రాయుట నిజాయితీగల పని; కర్త దొరకడు గనుక అట్లు వ్రాయుదురు. ప్రభ కట్టినవారు అజ్ఞాతులు కారు, ఆ గ్రామమున అందరకు తెలిసినవారే. పేరు తెలియకపోవుట వేరు, అడుగకపోవుట వేరు. నరసరావుపేట ప్రాంతమున తోలుబొమ్మల కళ నేటికిని నిలిచియున్నది. తెరబొమ్మలతోపాటు ఇప్పుడు దీపపు గొడుగులు గూడ చేయుచున్నారు. తోలుబొమ్మలాటలో స్త్రీపాత్రల పాటను, మాటను స్త్రీలే పలుకుట పరంపర. కాని ఛాయాచిత్రము వెనుక సాధారణముగ వ్రాయబడునది కుటుంబపెద్ద పేరు ఒక్కటే. స్త్రీలు ఆయన భార్య, ఆయన కోడలు అగుదురు.

ఈ ఒక్క విషయమున అమరసింహుడు మనకు దారి చూపెను. స్వయముగ బోధించు స్త్రీ ఆచార్య, ఉపాధ్యాయ. ఆచార్యుని భార్య యగుటచేత ఆ పేరు పొందినది ఆచార్యాని. ఒకటి స్వతః సిద్ధము, రెండవది పుంయోగముచేత వచ్చినది. మనుష్యవర్గమున కోశకర్త ఈ భేదమును స్పష్టముగ చెప్పెను. శూద్రవర్గము పేర్పును తలచి బాధపడినవారు మనుష్యవర్గమున ఈ సూక్ష్మతను గూడ తలపవలెను. సూచికలో బొమ్మలాటగాని భార్య యని వ్రాయుట పుంయోగము. ఆమె పలికినది ఆమె విద్య; అచ్చట ‘గాత్రము: ఫలానా ఆమె’ అని వ్రాయవలెను.

తెలుగునందు ఇంకొక చిక్కు కలదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున మహత్తు, మహతి, అమహత్తు అను విభాగము చేసెను. కాని ఏకవచన క్రియయందు స్త్రీకిని జడపదార్థమునకును రూపము ఒక్కటే. ‘చిత్రకారుడు గీసెను’ అను అలవాటున పురుషుడే కర్తగా నిలుచును. ‘గీసినది’ అన్నచో గీసినది స్త్రీయో యంత్రమో వాక్యము చెప్పదు. బహువచనమున మాత్రము తెలుగు ఉదారమైనది. ‘గీసినవారు’ అన్నచో స్త్రీపురుషులు ఇరువురును, గౌరవముతో సహా, అందు ఇముడుదురు. ఆంగ్లమున అందరను కలుపుకొను సర్వనామము కొరకు ఎంత వాదము జరిగినదో తెలిసినవారు తెలుగులో ఆ పదము ముందే సిద్ధముగ నున్నదని సంతోషింపవచ్చును. సూచికలలో ‘శిల్పి’, ‘నేసినవారు’, ‘కట్టినవారు’, ‘పాడినవారు’ అను మాటలు చాలును. చిత్రకారుడు, చిత్రకారిణి అను తర్కమునకు పోనక్కరలేదు.

ప్రాచ్యకళాశాలల గ్రంథాలయములలో ఈ పని ప్రారంభించుటకు ధనము ఎక్కువ అవసరము లేదు. వస్తువు ఎచ్చటిదో ఆ ఊరివారిని పిలిచి, దానిని వారు ఏమందురో, ఎవరు చేసిరో, ఏ మాట తమకు రుచింపదో అడిగి, అడిగిన సంవత్సరముతో సహా వ్రాసికొనవలెను. పేర్లు మారును గనుక సంవత్సరము ముఖ్యము. 2022లో పలనాడు జిల్లా ఏర్పడిన తరువాత గుంటూరు జిల్లా యని వ్రాసిన పాతకార్డులన్నియు ఒక వివరణమును కోరుచున్నవి. వచ్చు శివరాత్రికి ముందు విద్యార్థులను ప్రభలు కట్టు గ్రామములకు పంపి, మోకులు బిగించువారి పేర్లను, ఆ పనిలో వారు వాడు మాటలను వ్రాయించినచో, ఆ పదములలో ఎన్నియో ఇంతవరకు ఏ నిఘంటువునకును ఎక్కనివి దొరకవచ్చును.